కార్డు గడువు దగ్గరపడింది, అపాయింట్‌మెంట్ దొరకట్లేదు: జర్మనీలో ఉన్న ఒక తమ్ముడికి

ప్రశ్న: అక్కా, నేను తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊళ్లో ఎమ్మెస్ చేశాను. థీసిస్ అయిపోయింది. డిగ్రీ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు కానీ అన్నీ పాసైనట్టు యూనివర్సిటీ లెటర్ ఇచ్చింది. మ్యూనిక్‌లో ఏడాదికి 47,500 యూరోల జీతంతో ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలాఖరు తర్వాత చేరమంటున్నారు. సమస్య ఏంటంటే నా స్టూడెంట్ రెసిడెన్స్ పర్మిట్ ఇంకో ఐదు వారాల్లో అయిపోతుంది. ఫారినర్స్ ఆఫీసు వెబ్‌సైట్‌లో రోజూ చూస్తున్నా, ఒక్క స్లాట్ కూడా కనపడదు. మెయిల్ పెడితే ఆటోమేటిక్ జవాబు తప్ప ఏమీ రాదు. రూమ్‌లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు, ఒకడైతే గడువు దాటిన మర్నాడే దేశం వదిలి పోవాల్సిందే అన్నాడు. పైగా మూడు నెలల్లో చెల్లి పెళ్లి, ఇండియా వెళ్లకపోతే ఇంట్లో ఊరుకోరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటావు?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఈ ఒక్క సంగతి బుర్రలో గట్టిగా పెట్టుకో. నిన్ను కాపాడేది నువ్వు దరఖాస్తు పెట్టిన తేదీ. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందన్నది ఆఫీసు వాళ్ల ఇబ్బంది, దాని వల్ల నీ హక్కు పోదు. జర్మనీ రెసిడెన్స్ చట్టంలో 81వ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్ ఇదే చెబుతుంది: ఉన్న పర్మిట్ గడువు తీరకముందే దాన్ని పొడిగించమనో, ఇంకో రకం పర్మిట్ ఇమ్మనో అడిగితే, ఆఫీసు నిర్ణయం చెప్పేదాకా పాత పర్మిట్ బతికే ఉన్నట్టు లెక్క. ఆ నిర్ణయానికి రెండు నెలలు పట్టినా, ఎనిమిది నెలలు పట్టినా అంతే. మీ రూమ్‌లో వాడు చెప్పింది ఏ దరఖాస్తూ పెట్టకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నవాళ్లకి వర్తిస్తుంది, నీకు కాదు. ఐదు వారాలున్నాయి కదా, ఈ పనికి ఒక సాయంత్రం చాలు.

అయితే ఇక్కడే చాలామంది మన పిల్లలు బోల్తా పడతారు. స్లాట్ కోసం వెతకడం, స్లాట్ ఇమ్మని మెయిల్ పెట్టడం, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవడం, ఇవేవీ దరఖాస్తు కిందకి రావు. "నాకు అపాయింట్‌మెంట్ కావాలి" అని రాస్తే నువ్వు అడిగింది అపాయింట్‌మెంటే, పర్మిట్ కాదు. రేపు వాదన వస్తే ఆ మెయిల్ నిన్ను కాపాడుతుందని నమ్మకం లేదు. కాబట్టి ఫలానా పర్మిట్ కోసం దరఖాస్తు చేస్తున్నాను అని స్పష్టంగా ఉండాలి. మీ ఊరి ఔస్‌లెండర్‌బెహోర్డె (అదే ఫారినర్స్ ఆఫీసు) వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు సదుపాయం ఉంటే అదే వాడు, చివర్లో వచ్చే కన్ఫర్మేషన్ పీడీఎఫ్ దాచుకో. లేకపోతే ఉత్తరం రాయి. ఈ ఉత్తరానికి ప్రత్యేకమైన నమూనా ఏమీ అక్కర్లేదు. నీ పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, పుట్టిన తేదీ, చిరునామా, పాస్‌పోర్టు నంబరు, ఇప్పటి కార్డు నంబరు, అది ఎప్పుడు అయిపోతుందో ఆ తేదీ, నీకు ఏ పర్మిట్ కావాలో, అది వచ్చేలోగా ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ (పాత పర్మిట్ కొనసాగుతోందని ఆఫీసు రాసిచ్చే కాగితం) ఇవ్వమన్న మాట, కింద సంతకం. జర్మన్‌లో రాయి, ఎందుకంటే ఆఫీసు భాష జర్మనే. ఇంగ్లీషులో రాస్తే పక్కన పెట్టేయడానికి వాళ్లకి ఒక సాకు దొరుకుతుంది. నీ జర్మన్ అంతంతమాత్రమైతే క్లాస్‌మేట్ ఎవరికైనా చూపించి దిద్దించుకో.

ఆ ఉత్తరాన్ని మెయిల్‌లో పంపు, అదే రోజు పోస్టులో కూడా పంపు. పోస్టులో అయితే ఐన్‌వుర్ఫ్ ఐన్‌ష్రైబెన్ అని అడుగు, అంటే వాళ్ల డబ్బాలో వేసినట్టు పోస్టుమ్యాన్ నమోదు చేసే రిజిస్టర్డ్ ఉత్తరం. ఆ రసీదు, డెలివరీ స్టేటస్ ప్రింటు, మెయిల్ కాపీ, వచ్చిన ఆటోమేటిక్ జవాబు (దాన్ని తిట్టుకున్నావు గానీ నీ మెయిల్ వాళ్లకి చేరిందనడానికి అదే సాక్ష్యం) అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టు. అన్ని కాగితాలూ సిద్ధమయ్యాక పంపుదాం అని మాత్రం ఆగకు. డిగ్రీ సర్టిఫికెట్ రాలేదా, ఫరవాలేదు, యూనివర్సిటీ లెటర్ జతచేసి "సర్టిఫికెట్ అందగానే పంపుతాను" అని రాయి. లోటున్న కాగితం తర్వాత ఇవ్వొచ్చు, దాటిపోయిన తేదీని మాత్రం వెనక్కి తేలేం. ఆలస్యమైతే పాత పర్మిట్ కొనసాగుతుందని ఆదేశించే వీలు ఆఫీసుకి చట్టంలో ఉంది, కానీ అది మరీ అన్యాయమైన ఇబ్బంది తప్పించడానికి వాళ్ల ఇష్టం మీద ఇచ్చేది. దాని మీద జీవితం కట్టుకోకూడదు.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట: చదువుకో ఉద్యోగానికో ఇచ్చే నేషనల్ డి వీసా మీద వచ్చినవాళ్లకి కూడా ఈ రక్షణ ఉంది. 90 రోజుల షెంగెన్ విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి మాత్రం లేదు. కాబట్టి వాళ్ల వీసా విషయంలో "దరఖాస్తు పెట్టాంగా" అని ధీమాగా ఉండకండి.

ఇక ఫిక్షన్స్‌బెషైనిగుంగ్. నీకున్న హక్కు చట్టం వల్ల వచ్చింది, ఈ కాగితం దానికి రుజువు మాత్రమే. కాగితం చేతికి రాకపోయినా నువ్వు ఇక్కడ చట్టబద్ధంగానే ఉన్నట్టు. కానీ బ్యాంకు వాళ్లు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు, కంపెనీ హెచ్‌ఆర్, ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర ఉన్న మనిషి, వీళ్లెవరూ చట్టం చదవరు, కాగితమే చూస్తారు. అందుకే అడగాలి, రాకపోతే మళ్లీ అడగాలి. దాని ఫీజు 13 యూరోలు. అపాయింట్‌మెంట్ ఇప్పిస్తాం, ఈ కాగితం తెప్పిస్తాం అని వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో వందలు అడిగేవాళ్లుంటారు, ఒక్క యూరో ఇవ్వకు. అపాయింట్‌మెంట్ అమ్మే వస్తువు కాదు. పైగా నీ పాస్‌పోర్టు కాపీ ఎవడి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు.

ఉద్యోగం సంగతి కొంచెం జాగ్రత్తగా చదువు, ఇందులో మెలిక ఉంది. పాత పర్మిట్ కొనసాగుతుందంటే పాత షరతులు కూడా కొనసాగుతాయని అర్థం. నీది స్టూడెంట్ పర్మిట్. దాని మీద ఏడాదికి 140 పూర్తి రోజులో, 280 సగం రోజులో పని చేయొచ్చు, 2024 మార్చి నుంచి ఇదే లెక్క. కార్డుతో పాటు ఇచ్చిన ఆకుపచ్చ మడత కాగితం ఉంటుంది చూడు, దాన్ని పారేసినవాళ్లని కూడా చూశాను, నీ పని షరతులన్నీ దాని మీదే ఉంటాయి. కాబట్టి "దరఖాస్తు పెట్టాను, ఇక ఫుల్‌టైమ్ చేరిపోవచ్చు" అనుకోకు. కొత్త పర్మిట్ మంజూరు చేశాం అని నిర్ణయం వచ్చాక, ప్లాస్టిక్ కార్డు ప్రింటయి వచ్చేలోగా పని మొదలుపెట్టొచ్చు, ఆ వెసులుబాటు చట్టంలోనే ఉంది. నిర్ణయం రాకముందు చేరాలంటే మాత్రం ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ మీదే ఆ పనికి అనుమతి ఉన్నట్టు రాసి ఉండాలి. నీ ఉత్తరంలోనే ఇది కూడా అడుగు, ఆఫర్ లెటర్‌లో ఉన్న చేరే తేదీ చూపించి. కొందరు అధికారులు రాసిస్తారు, కొందరు ఇవ్వరు. రాయకపోతే చేరకు. పర్మిషన్ లేకుండా పని చేస్తే ఆ మచ్చ నీ ఫైల్‌లో మిగిలిపోతుంది, కంపెనీకీ జరిమానా పడుతుంది.

హెచ్‌ఆర్‌కి ఇప్పుడే చెప్పు. చివరి వారంలో చెబితే వాళ్లకి కోపం వస్తుంది, ఇప్పుడు చెబితే చేరే తేదీని ఒకటి రెండు నెలలు జరుపుతారు. జర్మన్ కంపెనీలకి ఇది కొత్తేమీ కాదు, నీ విలువ తగ్గిపోతుందేమో అని భయపడాల్సిన పని లేదు. "ఈయన మాకు ఫలానా తేదీకి కావాలి" అని కంపెనీ తరఫున ఆఫీసుకి ఒక ఉత్తరం రాయమని కూడా అడుగు, అది చాలాసార్లు పని చేస్తుంది.

ఏ పర్మిట్ అడగాలి అన్నది నువ్వు రాయలేదు గానీ అసలు ప్రశ్న అదే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా ఇచ్చే పర్మిట్ ఒకటుంది, సెక్షన్ 20 కింద. మీ సీనియర్లందరూ అదే పెట్టమంటారు, ఎందుకంటే వాళ్లకి అప్పటికి ఉద్యోగం లేదు. నీ చేతిలో కాంట్రాక్టు ఉంది కదా, నేరుగా బ్లూ కార్డు (డిగ్రీ ఉండి తగిన జీతంతో ఉద్యోగం ఉన్న విదేశీయులకి ఇచ్చే పర్మిట్) అడుగు. మధ్యలో ఇంకో మెట్టు ఎక్కితే ఇంకో ఫీజు, ఇంకో ఎదురుచూపు, కార్డు ఒక్కటే 100 యూరోలు. 2026లో బ్లూ కార్డుకి మామూలు జీతం పరిమితి ఏడాదికి 50,700 యూరోలు, నీ 47,500 దానికి తక్కువే. కంగారు పడకు, డిగ్రీ వచ్చి మూడేళ్లు దాటని వాళ్లకి, సిబ్బంది కొరత ఉన్న రంగాల వాళ్లకి పరిమితి 45,934 యూరోల 20 సెంట్లు, నువ్వు అందులోకి వస్తావు. ఇవి ప్రతి జనవరిలో మారతాయి, కాబట్టి నీ తర్వాత వచ్చే జూనియర్లకి ఈ అంకెలు అప్పజెప్పకు, ఆ ఏడాది అంకె చూసుకోమను. కాంట్రాక్టులో గ్యారంటీగా ఇచ్చే జీతం ఎంతో చూసుకో, కంపెనీ బాగా ఆడితే ఇస్తాం అనే బోనస్‌ని నమ్ముకుని లెక్క వేసుకోవద్దు. కాంట్రాక్టు కనీసం ఆరు నెలలది కావాలి, పని నీ చదువుకి తగ్గది అయి ఉండాలి.

తక్కువ పరిమితి కింద వెళ్లేవాళ్లకి ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ ఒప్పుకోలు కూడా కావాలి. దాన్ని ఆఫీసే లోపల్లోపల అడుగుతుంది, నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, కానీ కంపెనీ నింపాల్సిన ఫారం ఒకటుంది, ఎర్‌క్లేరుంగ్ ట్సుం బెషెఫ్టిగుంగ్స్‌ఫెర్‌హెల్ట్‌నిస్ అంటారు. ఉద్యోగం వివరాలు, గంటలు, జీతం, సెలవులు అన్నీ అందులో ఉంటాయి. ఈ ఫారం లేక ఆగిపోయిన ఫైళ్లు ఎన్నో. ఇవాళే హెచ్‌ఆర్‌కి పంపి నింపించు. పూర్తి వివరాలు అందాక ఏజెన్సీ రెండు వారాల్లో ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, కాబట్టి ఆలస్యం సాధారణంగా అక్కడ జరగదు. నీ ఫైల్ అసలు ఎవరో ఒకరు తెరవడానికే సమయం పడుతుంది. బ్లూ కార్డు మీద నాకు ఇంకో కారణం వల్ల కూడా ఇష్టం: బీ1 స్థాయి జర్మన్ వస్తే 21 నెలల్లో, మొదటి స్థాయి ఏ1తో అయితే 27 నెలల్లో పర్మనెంట్ రెసిడెన్స్‌కి అర్హత వస్తుంది. ఇప్పుడు ఖాళీగా ఉన్న ఈ కొన్ని వారాలూ జర్మన్ క్లాసుకి పెట్టు.

మ్యూనిక్‌కి మారే తొందర అస్సలు పడకు. ఇది చాలామందికి తట్టదు. నీ ఫైల్ ఎవరు చూడాలన్నది నువ్వు ఎక్కడ నివాసం నమోదు చేసుకున్నావన్న దాని మీద ఆధారపడుతుంది. కొత్త ఇంట్లో దిగాక రెండు వారాల్లోపు అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, చేయాలి, అది తప్పించుకోలేవు. చేసిన మరుక్షణం మీ చిన్న ఊరి ఆఫీసు నీ ఫైల్‌ని కట్టకట్టి మ్యూనిక్‌కి పంపిస్తుంది, అక్కడ మళ్లీ లైన్ చివరి నుంచి మొదలు. నిర్ణయం వచ్చేదాకా ఉన్న ఊళ్లోనే ఉండగలిగితే అదే మంచిది. ఇల్లు దొరికేసింది, వదులుకోలేను అంటావా, అప్పుడు మారు, కానీ మారగానే కొత్త ఆఫీసుకి పాత దరఖాస్తు కాపీ, రసీదు అన్నీ నువ్వే పంపు. ఫైల్ ఊళ్లు మారడానికి వారాలు పడుతుంది, ఆ మధ్యలో రెండు ఆఫీసులూ "మా దగ్గర లేదు" అనే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నీ ఫోల్డరే నీకు దిక్కు.

మెయిల్‌బాక్స్ మీద నీ పేరుందా? నవ్వకు, నిజంగా అడుగుతున్నాను. ఈ దేశంలో ఉత్తరం చిరునామాకి రాదు, డబ్బా మీద ఉన్న పేరుకి వస్తుంది. సబ్‌లెట్‌లో ఉంటూ పేరు అంటించుకోనివాళ్ల ఉత్తరాలు వెనక్కి పోతాయి, ఆ ఉత్తరంలో "ఈ తేదీలోగా ఈ కాగితం ఇవ్వండి" అని ఉంటే ఆ తేదీ కూడా నీకు తెలియకుండానే పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి, ఆఫీసు ఏ పేరుతో రాస్తుందో ఆ పేరే డబ్బా మీద ఉండాలి, వీలైతే రెండు రకాలుగానూ రాసి అంటించు.

పాస్‌పోర్టు గడువు కూడా ఒకసారి చూడు. అది అయిపోయే తేదీ దాటి పర్మిట్ ఇవ్వరు, కాబట్టి ఏడాదిలోపు అయిపోయేటట్టుంటే రెన్యువల్ ఇప్పుడే మొదలుపెట్టు. ఫోటో సంగతి: 2025 మే నుంచి కాగితం మీద తెచ్చిన ఫోటోలు తీసుకోవడం లేదు, డిజిటల్‌గా తీసి నేరుగా పంపే స్టూడియోలోనో, ఆఫీసులోని మిషన్ దగ్గరో తీయించుకోవాలి.

హెల్త్ ఇన్సూరెన్స్ విషయంలో ఖాళీ రానివ్వకు. యూనివర్సిటీ నుంచి పేరు తీసేశాక స్టూడెంట్ రేటు పోతుంది, ఉద్యోగంలో చేరేదాకా స్వచ్ఛంద సభ్యుడిగా ఎక్కువ కట్టాలి. బాధగానే ఉంటుంది గానీ ఒక్క నెల ఖాళీ ఉన్నా ఫైల్ ఆగుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి నీ పరిస్థితి చెప్పి, కొత్త సభ్యత్వ సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసుకి పంపు.

అన్నీ పంపాక ఏం జరుగుతుంది? బహుశా కొన్ని వారాలు ఏమీ జరగదు. రోజుకో మెయిల్ పెట్టకు, ప్రతి మెయిల్‌నీ ఫైల్‌లో చేర్చడానికి ఒకరు కూర్చోవాలి, నీ పని వెనక్కే పోతుంది. మూడు నాలుగు వారాలకోసారి, పాత రిఫరెన్స్ వేసి, ఒక్క పేరా మర్యాదగా రాయి. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లు, చిన్న ఊళ్లలో వాళ్లకి ఫారినర్స్ ఆఫీసులో ముఖం తెలిసినవాళ్లుంటారు. కారిటాస్, డియాకోనీ, ఆవో లాంటి సంస్థలు వలసవచ్చిన పెద్దవాళ్లకి ఉచితంగా సలహా ఇస్తాయి, మన వాళ్లు అక్కడికి వెళ్లడానికి ఎందుకో మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు, అది వాళ్ల పనే. మూడు నెలలు దాటినా సరైన కారణం లేకుండా నిర్ణయం ఇవ్వకపోతే అడ్మినిస్ట్రేటివ్ కోర్టులో, ఊరికే కూర్చున్నారని దావా వేయొచ్చు, మొదటి కోర్టులో లాయరు తప్పనిసరి కాదు కూడా. నేనైతే అక్కడిదాకా వెళ్లే ముందు "ఫలానా తేదీలోగా నిర్ణయం రాకపోతే కోర్టుకి వెళ్లాల్సి వస్తుంది" అని ఒక ఉత్తరం రాయమంటాను. కోర్టుకి వెళ్తే అధికారులు పగబడతారని ఇంట్లో పెద్దవాళ్లు భయపెడతారు, కానీ ఇక్కడ అది పౌరులూ విదేశీయులూ అందరూ వాడే మామూలు దారి.

ఇప్పుడు చెల్లి పెళ్లి. నీ కార్డు గడువు తీరాక, చేతిలో ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ లేకుండా ఇండియా వెళ్లకు. హక్కు ఉంది కదా అని విమానం ఎక్కితే తిరిగొచ్చేటప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు, మళ్లీ కాన్సులేట్ దగ్గర మొదటి నుంచి వీసా పెట్టుకోవాల్సి రావచ్చు. కాగితం వచ్చిందనుకో, దాని లోపల గడుల్లో ఏది టిక్ పెట్టారో చూడు. 81వ సెక్షన్ నాలుగో సబ్‌సెక్షన్ అన్న గడి అయితే పాస్‌పోర్టు, పాత కార్డు, ఈ కాగితం మూడూ ఒరిజినల్స్ పట్టుకుని వెళ్లి రావచ్చు. మూడో సబ్‌సెక్షన్ గడి టిక్ ఉంటే దానితో తిరిగి రాలేవు, నీ విషయంలో అది పొరపాటే అవుతుంది కాబట్టి వెంటనే అడిగి మార్పించుకో. కాగితం మీద కూడా ఒక గడువు తేదీ ఉంటుంది, దానికి కనీసం రెండు వారాల ముందే తిరిగి వచ్చేలా చూసుకో. షెంగెన్‌లో మొదట దిగేది జర్మనీ ఎయిర్‌పోర్టే అయ్యేలా టికెట్ తీసుకో, ఈ కాగితాన్ని రోజూ చూసేది ఇక్కడి బోర్డర్ పోలీసులే. ఇండియాలో చెకిన్ కౌంటర్ దగ్గర ఎప్పుడూ చూడనివాళ్లు ఉండొచ్చు, సూపర్‌వైజర్‌ని పిలిపించడానికి టైమ్ ఉండేలా ఎయిర్‌పోర్టుకి ముందే చేరుకో.

పెళ్లి తేదీ కూడా ఆ ఉత్తరంలో రాయి, శుభలేఖ ఉంటే జర్మన్‌లో ఒక లైను వివరణతో జతచెయ్యి. ప్రయాణానికి కాగితం ఫలానా తేదీకి కావాలి అని కారణం కనపడితే ముందు తీసే ఆఫీసులు ఉన్నాయి. ఇంట్లో మాత్రం ఇప్పుడే నిజం చెప్పు, "కాగితం వస్తే వస్తాను, రాకపోతే రాలేను" అని. టికెట్ కొంటే తేదీ మార్చుకునే వీలున్నదే కొను, అది కూడా ఆ గడిలో టిక్ కళ్లారా చూశాకే.